గొంతెత్తి చెప్పు, చిన్నా

కొండాపూర్,
ఆదివారం రాత్రి

చిన్నా,

నీకు రాత్రి ఫ్లయింగ్ మొదలవుతోందని మీ అమ్మ ఫోన్ చేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. మధురపూడిలో పోస్టింగ్ అంటే రాజమండ్రి పక్కనే కదా అని సంబరపడింది పిచ్చిది. అక్కణ్ణించి సముద్రం మీది రిగ్గులకి చీకట్లో హెలికాప్టర్ నడుపుకుంటూ వెళ్తావని ఇప్పుడే తెలిసింది. నువ్వే ముందు చెప్పి ఉండాల్సింది. సరే, తిట్టనులే. నేనూ మా అమ్మకి చెప్పలేదు.

మీ వదినకి ఈ నెలంతా నైట్ షిఫ్ట్. మైండ్‌స్పేస్ నుంచి క్యాబ్ వచ్చేదాకా నాకు నిద్రపట్టదు, బాల్కనీలో కూర్చుంటాను. పంతొమ్మిదో అంతస్తు. అద్దాల మేడలు, వాటి నెత్తిన ఎర్రదీపాలు, అటు దుర్గం చెరువు తీగల వంతెన. ఇక్కడ ఏది నేలో ఏది ఆకాశమో కన్ను తడుముకోదు. నీకు అక్కడ ఇవేవీ ఉండవు. చుట్టూ నలుపు, మధ్యలో రిగ్గు దీపాల గుత్తి ఒక్కటే. దాన్నే చూస్తూ దిగితే ఇంకా బోలెడు ఎత్తులో ఉన్నామనిపిస్తుంది. అలా అనిపిస్తుండగానే నీళ్ళు దగ్గరికొచ్చేస్తాయి. బ్లాక్ హోల్ అని క్లాసులో చెప్పే ఉంటారు. క్లాసులో వినడం వేరు, ఒంటికి తెలియడం వేరు నాన్నా.

నీ ఆరో ఏట వేసవి సెలవుల్లో డాబా మీద కళ్ళగంతలు ఆడాం, గుర్తుందా? నీ కళ్ళకి తువ్వాలు కట్టి, మెల్లగా, చాలా మెల్లగా తిప్పి, నీళ్ళ ట్యాంకు ఎటుందిరా అన్నాను. ఠక్కున వీధివైపు వేలు చూపించావు. గంతలు విప్పాక కూడా ఒప్పుకోలేదు, నేనే ట్యాంకు జరిపానన్నావు! చెవి లోపలి సన్నటి గొట్టాల్లో ఉండే ద్రవం చేసే పని అది. నెమ్మదిగా తిరిగితే తిరిగినట్టే తెలియదు. చాలాసేపు తిరిగి ఆగితే ఎదురుదిక్కుకి తిరుగుతున్నట్టుంటుంది. ఎన్ని వేల గంటలు ఎగిరినా ఆ చెవి మారదు. అందుకే చీకట్లో నీ ఒంటి మాట వినకు, ఎదురుగా ఉన్న పరికరాల మాటే విను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ అమ్మకి కూడా తెలీదు. నేను కో-పైలట్‌గా చేరిన రెండో ఏడు. రాత్రిపూట డెక్ మీదికి దిగుతున్నాం. ఎత్తు చూసి చెప్పడం నా పని. రేడియో ఆల్టిమీటర్ ముల్లు పడాల్సినదానికన్నా త్వరగా పడిపోతోంది. చూశాను. నోరు రాలేదు. పక్కనున్నాయన నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద, పని నేర్పినాయన. ఆయనకి తెలీదా అనుకున్నాను. చివరికి "సార్... హైట్..." అని గొణిగాను. ఆయన ఉలిక్కిపడి పవర్ లాగారు. ల్యాండింగ్ లైటు వెలుగులో అల మీది నురగ కనిపించింది నాకు. తెల్లగా, బుడగ బుడగా. ఆ నురగ ఇప్పటికీ కలలోకొస్తుంది.

పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని పెంచాం నిన్ను కూడా. కాక్‌పిట్‌లోకి ఆ పెంపకం తీసుకెళ్ళకు. 2006 డిసెంబర్ 27 రాత్రి ఇంగ్లండ్‌లో మోర్‌కాంబ్ బే దగ్గర ఒక హెలికాప్టర్ ప్లాట్‌ఫామ్ మీద దిగబోతూ సముద్రంలో పడి ఏడుగురూ పోయారు. నడుపుతున్న కో-పైలట్ అదుపు తప్పి సాయం అడిగాడు. స్పష్టంగా అడగలేదు. కమాండర్ కంట్రోల్స్ అందుకునేసరికి సుమారు 4 సెకన్లు గడిచాయి. మన ముంబై హై దగ్గర 2015 నవంబర్ 4న రాత్రి శిక్షణలోనే ఇద్దరు పైలట్లు పోయారు. కాబట్టి గొణక్కు. అంకె చెప్పు. దిగడం ఆపమని "గో అరౌండ్" అను. రెండుసార్లు చెప్పినా పక్కవాళ్ళు పలక్కపోతే, తీసుకుంటున్నానని గట్టిగా చెప్పి కంట్రోల్స్ తీసుకో. తర్వాత తిడితే తిట్లు తిను. నేనున్నాను.

మీ అమ్మ మాటిమాటికీ పావురాలగుట్ట అంటోంది. 2009 సెప్టెంబర్ 2న అక్కడ కూలిన వైఎస్ గారి హెలికాప్టర్ మన బేగంపేట నుంచే లేచింది. అది పగటిపూట జరిగింది, సముద్రం మీదా కాదు. కానీ విచారణలో తేలింది నీకూ పనికొస్తుంది. ఆయిల్ ప్రెషర్ లోపానికి చెక్‌లిస్టులో పేజీ వెతకడంలో పైలట్లు మునిగిపోయారు, బయట వాతావరణం ముంచుకొచ్చింది. ఒకరు పేజీ తిప్పుతుంటే రెండోవాళ్ళు ఎగరడం మీదే ఉండాలి చిన్నా.

రాత్రి పిలుపు వచ్చేది ఎక్కువగా రిగ్గు మీద ఎవరికో బాగాలేనప్పుడే. ఆ మనిషికి ఎలా ఉందో ముందు అడగొద్దు. వాతావరణం చూసి, వెళ్ళగలమో లేదో తేల్చుకున్నాకే అడుగు. రాయిలా మాట్లాడుతున్నాననుకోకు. 2024 సెప్టెంబర్ 2 రాత్రి పోర్‌బందర్ దగ్గర ట్యాంకర్ ఓడలో గాయపడినవాణ్ణి తేవడానికి వెళ్ళిన కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వాళ్ళలో ముగ్గురు తిరిగి రాలేదు. ఆ వార్త చదివి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

నీళ్ళలో తలకిందులుగా కూర్చోబెట్టి బయటికి రమ్మనే శిక్షణ ఉంటుందే, దాన్ని తప్పించుకునే సాకులు వెతక్కు. సీటు నుంచి కిటికీ పిడికి చెయ్యి ఎలా వెళ్తుందో కళ్ళు మూసుకుని రోజూ చూసుకో.

మీ అమ్మ సున్నుండలు పంపింది, పక్కవాళ్ళకీ పెట్టు. మొదటి రాత్రి దిగగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. ముందు నాకు, తర్వాత అమ్మకి. ఆవిడతో మాట్లాడేముందు కాసిన్ని మంచినీళ్ళు తాగు, గొంతులో అలసట ఇట్టే పట్టేస్తుంది.

మీ మామయ్య