కాన్సలు అను పదము

శంషాబాదులో విమానమెక్కి అమెరికాకు పోగోరు మన షాద్‌నగరు విద్యార్థులు సాధారణముగా ముందు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటు మెట్లెక్కుదురు. కాన్సలనగా ఎవరని తరగతిలో మేమడుగగా, "వీసా నిచ్చు దొర" యని పిల్లలు బదులు చెప్పిరి. అది సగమే నిజము.

కాన్సలు లాటిను పదము. ఆలోచన చేయుట యను నర్థముగల క్రియతో దానికి సంబంధము కలదని పండితులు తలంచెదరు. రాజులను వెడలగొట్టిన పిమ్మట రోమీయులు ఏటేట ఇద్దరు కాన్సలుల నెన్నుకొనుచుండిరి. ఒకని యాజ్ఞను రెండవవాడు అడ్డగింపవచ్చును. అధికార మొక్కనిచేత చిక్కకుండుటకే యీ యేర్పాటు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో పౌలుపై వచ్చిన ఫిర్యాదును త్రోసివేసిన గల్లియోను ప్రోకాన్సలు, అనగా కాన్సలుకు బదులుగా రాష్ట్రము నేలువాడు. తెలుగు బైబిలులో అధిపతి యని యుండుటచే ఈ సంగతి మనకు తోచదు.

మధ్యయుగమున మధ్యధరా సముద్రపు రేవులలో పరదేశ వర్తకుల తగవులు తీర్చు పెద్దలకు ఆ పేరే వచ్చెను. నేటి కాన్సలు వారికి వారసుడు. రాయబారి రాజధానిలో ప్రభుత్వముతో మాటలాడును. కాన్సలు తన దేశస్థుల మేలు చూచును.

2008లో బేగంపేట పైగా ప్యాలెసున తెరవబడి, 2023లో నానక్‌రామ్‌గూడకు మారిన కాన్సులేటు అమెరికావారిది. మనవారికి అచ్చట వీసా దొరకును గాని, అండ దొరకదు. మన పిల్లవాడు షికాగోలో పాస్‌పోర్టు పోగొట్టుకొన్నను, మన కూలివాడు దుబాయిలో చెరసాలపాలైనను, ఆశ్రయింపవలసినది ఆ నగరములందలి భారత కాన్సులేటును. 1963 నాటి వియన్నా ఒడంబడిక ప్రకారము, పట్టుబడినవాడు కోరినయెడల అధికారులు వాని దేశపు కాన్సలుకు తెలుపవలెను. ఆ హక్కు కలదని వానికి చెప్పవలెను కూడ. పిల్లలను పంపు తలిదండ్రులు ఆ చిరునామాను వ్రాసి, పెట్టెలో గాక, జేబులో నుంచి పంపుదురు గాక.