ఘంటసాలవారి విద్యాభ్యాసము

తెలుగుపాట యనగానే మన పెద్దలకు మొదట స్ఫురించు పేరు ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. వీరు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా చౌటపల్లి గ్రామమున జన్మించిరి. బాల్యముననే తండ్రి సూరయ్యగారు గతించిరి. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో వీరు విజయనగరము చేరిరి. అచట పట్రాయని సీతారామశాస్త్రిగారు ప్రతిఫల మాశింపక విద్య గరపిరి. అన్నమునకై శిష్యుడు జోలె పట్టి యింటింట మధుకరము చేసికొనెను.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెరసాల కేగిరి. పిమ్మట మద్రాసు చేరి చలనచిత్ర గాయకులైరి. 'పాతాళభైరవి' (1951), 'లవకుశ' (1963) చిత్రములకు సంగీతము కూర్చిరి. 1970లో పద్మశ్రీ బిరుదము లభించెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన దివంగతులైరి. వారు గానము చేసిన భగవద్గీత నేటికిని తెలుగు ఇండ్లలో వినబడుచున్నది.

తల్లిదండ్రులారా! ఆనాడు విజయనగరపు గృహిణులు పెట్టిన పిడికెడన్నమే యా కంఠమును మనకు దక్కించినది. ఇంట ఇబ్బంది కలిగి, చదువుచున్న పిల్లవానిని బడి మాన్పించి సాంచాలపై నిలుపదలచినప్పుడు ఆ జోలెను ఒక్కమారు తలపుడు. రుసుము కట్టుట కష్టమైనచో ముందుగా నాతో చెప్పుడు, కలిసి యాలోచింతము. పిల్లవాని చదువు మాత్రము ఆపకుడు.