ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌తో ఒక ఇంగ్లీషు పీరియడ్



ఏడో తరగతి పిల్లల డైరీలో ‘ఇంట్లో ఖాళీ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉంటే ఇంగ్లీషు పీరియడ్‌కు తీసుకురండి’ అన్న మాట చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయి ఉంటారు. పాఠ్యపుస్తకం ఉంది, వర్క్‌బుక్ ఉంది, రెండింటికీ డబ్బు కట్టాం, మరి మందుల షాపు ప్యాకెట్‌తో పనేమిటి అనిపించడం సహజం. అడగాల్సిన ప్రశ్నే అది. ఆ పీరియడ్‌ను టీచర్ ఎలా తయారుచేస్తారు, ఎందుకు అలా తయారుచేస్తారు, మీ బిడ్డకు దానివల్ల ఏం వస్తుంది అన్నవి ఈ వ్యాసంలో చూడండి.

పాఠం కోసం రాయని ఇంగ్లీషు

పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు మీ బిడ్డ కోసమే రాసింది. కొత్త మాటలు లెక్కపెట్టి వేస్తారు. కష్టమైన మాటకు అర్థం పక్కనే ఉంటుంది. ప్రశ్నలు పేరాల వరుసలోనే వస్తాయి. భాష నేర్చుకునే వయసులో ఆ ఆసరా కావాలి.

బయట కనిపించే ఇంగ్లీషు అలా ఉండదు. రైలు టికెట్, కుక్కర్ గ్యారంటీ కార్డు, బ్యాంకు ఫారం, మందు సీసా లేబుల్ వంటివి ఏ తరగతి పిల్లవాడినీ దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. ఏదో ఒక పని జరగడానికి రాసినవి. వీటినే ఇంగ్లీషు టీచర్లు ‘అథెంటిక్ మెటీరియల్స్’ అంటారు.

మన ఇళ్లలో దీని అవసరం ఎక్కువ. ప్యాకెట్లలో అమ్మే ఆహార పదార్థాల మీద వివరాలు ఇంగ్లీషులోగానీ, దేవనాగరి లిపిలో హిందీలోగానీ ఉండాలన్నది మన దేశంలో నిబంధన. ప్రాంతీయ భాషలో అదనంగా వేయవచ్చు, కానీ వేసి తీరాలని లేదు. అందుకే చాలా ఇళ్లలో నానమ్మో అమ్మమ్మో ప్యాకెట్‌ను ఇంగ్లీషు మీడియం చదివే మనవడి చేతికిచ్చి, “ఇందులో ఏం రాశాడో చూడు నాన్నా” అంటారు. ఇంగ్లీషులో తొంభై మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా అప్పుడు తడబడతారు. పిల్లవాడికి తెలివి తక్కువై కాదు. అలాంటి కాగితాన్ని ఎలా చదవాలో ఎవరూ సాధన చేయించలేదు, అంతే.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. ఎన్.ఎస్. ప్రభు అనే భాషా బోధకుడు 1979 నుంచి 1984 వరకు దక్షిణాది పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపారు. దానికి బెంగళూరు ప్రాజెక్టు అని పేరు. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకుండా, రైల్వే టైంటేబుళ్లు, పటాల వంటివి పిల్లల ముందు పెట్టి, వాటిలోంచి ఒక సమస్యకు జవాబు వెతకమనేవారు. ముందు టీచర్ అలాంటి సమస్యనే తరగతి మొత్తంతో కలిసి చేసి చూపేవారు. తర్వాత పిల్లలు ఎవరికి వారు చేసేవారు. ఇప్పుడు ప్రపంచమంతటా చెప్పుకునే ‘టాస్క్’ పద్ధతికి బలమైన పునాదుల్లో ఈ ప్రయోగం ఒకటి. మా పీరియడ్ నడిచే తీరు కూడా ఇదే.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌నే ఎందుకు ఎంచుకున్నాం?

దొరికిన ప్రతి కాగితమూ పాఠానికి పనికిరాదు. టీచర్ మూడు విషయాలు చూసుకుంటారు. మొదటిది, ఆ కాగితం చదివితేనే తేలే ప్రశ్న ఒకటి ఉండాలి. రెండోది, ఆ ప్రశ్నకు ఒక పీరియడ్‌లో జవాబు దొరకాలి. మూడోది, అందులో ఎవరి సొంత వివరాలూ ఉండకూడదు. అందుకే కరెంటు బిల్లులు, బ్యాంకు కాగితాలు, పీఎన్‌ఆర్ నంబరు కనిపించే టికెట్లు మీ పిల్లలతో పంపవద్దని కోరుతున్నాం.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఈ మూడింటికీ సరిపోతుంది. పైగా దానిమీద మాటలు కొద్ది, పర్యవసానం పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, సోడియం క్లోరైడ్ అంటే మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. మొత్తం 20.5 గ్రాములు. నీళ్లు తక్కువైతే ఉప్పు గాఢత పెరిగి చంటిబిడ్డలకు ప్రమాదం. నీళ్లు ఎక్కువైతే మందు పలచబడి ఫలితం తగ్గుతుంది. షాపులో లీటరు నీటికి కలిపే పెద్ద ప్యాకెట్లూ దొరుకుతాయి, 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్నవీ దొరుకుతాయి. ఏది ఎంత నీటిలో కలపాలో తెలిసేది దానిమీద ఉన్న ఇంగ్లీషు చదివినప్పుడే.

నలభై నిమిషాలు ఇలా నడుస్తాయి

మొదటి ఐదు నిమిషాలు పుస్తకం ఉండదు, ప్యాకెట్టూ ఉండదు. “ఇంట్లో తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఓఆర్‌ఎస్ ఎన్ని నీళ్లలో కలుపుతారు?” అని టీచర్ అడుగుతారు. ఒక గ్లాసు, సగం గ్లాసు, ఒక బాటిల్ అంటూ రకరకాల జవాబులు వస్తాయి. అన్నీ బోర్డు మీద రాసి ఉంచుతారు. ఎవరిది ఒప్పో చెప్పరు. ఇప్పుడు పిల్లలకు చదవడానికి ఒక కారణం దొరికింది.

తర్వాత ఏడు నిమిషాలు వేగంగా వెతకడం. ప్యాకెట్ మీది అక్షరాలను పెద్దవి చేసి తీసిన జిరాక్స్ కాపీ ప్రతి జంటకూ ఇస్తారు. వెతకాల్సినవి మూడే: ఎన్ని నీళ్లు, కలిపాక ఎంతసేపు నిలవ ఉంచవచ్చు, గడువు తేదీ ఎప్పుడు. మిగతా మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదని ముందే చెబుతారు. ఇక్కడే ఒక ముఖ్యమైన సూత్రం ఉంది. కాగితంలోని భాషను సులువు చేయకూడదు, పిల్లలకిచ్చే పనిని వారి స్థాయికి తగ్గించాలి. తెలియని మాట కనిపించగానే ఆగిపోకుండా, కావలసినది పట్టుకుని ముందుకు వెళ్లడం కూడా చదవడంలో భాగమే.

ఆ తర్వాత పది నిమిషాలు మాటల మీద నిలబడతారు. ‘డిజాల్వ్’, ‘ఎంటైర్ కంటెంట్స్’, ‘వితిన్ 24 అవర్స్’, ‘డిస్కార్డ్’ అన్న నాలుగు మాటల చుట్టూ చర్చ. ‘ఎంటైర్’ అంటే మొత్తం. ఆ మాట తీసేస్తే ఏమవుతుందని అడుగుతారు. సగం పొడి ఇప్పుడు, సగం రేపు అని ఎవరైనా అనుకోవచ్చు. సగం పొడిని కంటితో కచ్చితంగా కొలవలేం. ఆ ఒక్క విశేషణం లేకపోతే మందు మోతాదే మారిపోతుంది. ఇక ‘వితిన్’. తెలుగులో ‘24 గంటల లోపు’ అంటాం, ‘లోపు’ చివర వస్తుంది. ఇంగ్లీషులో ‘వితిన్’ ముందే వస్తుంది. తొందరలో చదివితే దాన్ని దాటేసి ‘24 గంటలు’ మాత్రమే గుర్తుంచుకుంటారు. లోపు వాడాలా, తర్వాత వాడాలా అన్న తేడా ఆ చిన్న మాటలోనే ఉంది.

తర్వాతి పది నిమిషాలు జంటల పని. ఒకరికి లీటరు ప్యాకెట్ కాపీ, ఇంకొకరికి 200 మిల్లీలీటర్ల ప్యాకెట్ కాపీ ఇస్తారు. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. ఇంగ్లీషులో అడిగి తెలుసుకుని, రెండు ప్యాకెట్ల మధ్య తేడాలతో ఒక పట్టిక నింపాలి. జవాబు ఎదుటివారి దగ్గరే ఉంది కాబట్టి ప్రశ్న అడగక తప్పదు. నలభై మంది తరగతిలో టీచర్ ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే ఒక్కొక్కరికి నిమిషం కూడా రాదు. జంటల్లో ఒకేసారి ఇరవై మంది మాట్లాడతారు. గది కాస్త గోలగా ఉంటుంది. ఆ గోల పాఠంలో భాగమే.

చివరి ఎనిమిది నిమిషాలు రాత. తరగతి ఫస్ట్ ఎయిడ్ పెట్టె మీద అతికించడానికి ఓఆర్‌ఎస్ కలిపే విధానం నాలుగు వాక్యాల్లో, ప్యాకెట్ చూడకుండా, సొంత ఇంగ్లీషులో రాయాలి. ప్రతి వాక్యం క్రియతో మొదలవ్వాలి. వ్యాకరణంలో ‘ఇంపరేటివ్’ అని చెప్పేది ఇదే. ఆఖర్న బోర్డు మీద ముందు రాసిన జవాబుల్ని పిల్లలే దిద్దుతారు.

తరగతిలో పొడి తెరవరు, కలపరు, తాగరు. మీ ఇంటి నుంచి రావాల్సింది కడిగి ఆరబెట్టిన ఖాళీ కవరు మాత్రమే. ఏ మందులూ పంపవద్దు.

పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు

ఇదే ప్యాకెట్‌తో నాలుగో తరగతికి వేరే పని ఉంటుంది: అంకెలు, తేదీలు గుర్తించి గుండ్రం చుట్టడం. తొమ్మిదో తరగతికి మరింత లోతైన పని. వాళ్లు లేబుల్‌ను ప్రశ్నించడం నేర్చుకుంటారు.

ఇందుకు మన ముందున్న ఉదాహరణ చాలా దగ్గరిది. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న తియ్యటి పానీయాలు చాలాకాలం షాపుల్లో అమ్ముడయ్యాయి. చక్కెర ఎక్కువైన పానీయం విరేచనాలను తగ్గించకపోగా పెంచే ప్రమాదం ఉంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో ఒక షరతుతో ఆ పేరు వాడుకోనిచ్చింది. ఈ ఉత్పత్తి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదన్న వాక్యం లేబుల్ మీద ఉండాలన్నదే ఆ షరతు. పేరు చూసి కొనేవారు ఆ వాక్యం దాకా వెళ్లేవారు కాదు. హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పాత అనుమతులను వెనక్కి తీసుకుని, అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశించింది.

తొమ్మిదో తరగతి పిల్లలు ఒక మందు ప్యాకెట్‌నూ, ఒక పానీయం డబ్బానూ పక్కపక్కన పెట్టి చదువుతారు. ఆహార పదార్థాల లేబుల్‌పై దినుసులు బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాస్తారు. ఆ వరుసలో చక్కెర ఎక్కడుందో చూస్తారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే అది ఆహార పదార్థంగా అమ్ముతున్నదని తెలుసుకుంటారు. ‘నాట్’ అన్న మాట వాక్యం అర్థాన్ని ఎలా తిప్పేస్తుందో ఇంతకంటే గట్టిగా చెప్పే పాఠం దొరకదు.

మరి మార్కుల సంగతి?

పాఠ్యపుస్తకాన్ని మేము పక్కన పెట్టడం లేదు. ఇలాంటి పీరియడ్ పక్షానికి ఒకటి ఉంటుంది. మిగతావన్నీ సిలబస్ ప్రకారమే నడుస్తాయి. ఆ రోజు నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలే కనిపిస్తే పాఠం జరగలేదని అనుకోవద్దు. ఆ నాలుగు వాక్యాలు కాపీ చేసినవి కావు.

పరీక్షలోనూ ఇది ఉపయోగపడుతుంది. ముందెప్పుడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడిగితే కావాల్సింది సరిగ్గా ఈ నేర్పే: ప్రశ్న చూసి, తెలియని మాటల మధ్య నుంచి జవాబు వెతకడం. అయితే ఒక్క పీరియడ్‌తో మార్కులు పెరుగుతాయని మేము చెప్పం. స్పెల్లింగులు, కాలాలు, వాక్య నిర్మాణం రోజూ సాధన చేయాల్సిందే.

ఇంట్లో మీరు చేయగలిగినవి

ఇందుకు మీకు ఇంగ్లీషు బాగా వచ్చి ఉండాల్సిన పనిలేదు. ప్రశ్న తెలుగులో అడిగితే చాలు.

• పాఠం జరిగిన రోజు సాయంత్రం, ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగులో చెప్పమనండి. ఇంగ్లీషులో చదివింది తెలుగులో స్పష్టంగా చెప్పగలిగితే అర్థమైనట్టే.

• వారానికి ఒక ప్యాకెట్ ఇచ్చి ఒక్క ప్రశ్న అడగండి. “ఈ బిస్కెట్లలో మొదటి దినుసు ఏది?” “ఇది ఫ్రిజ్‌లో పెట్టాలా?” “వేరుశనగ పడనివాళ్లు తినవచ్చా?”

• జవాబు ఏ మాట ఆధారంగా చెప్పారో వేలు పెట్టి చూపమనండి. ఊహించి చెప్పడానికీ చదివి చెప్పడానికీ తేడా అక్కడే బయటపడుతుంది.

• తెలియని మాట రాగానే అర్థం చెప్పేయకండి. ముందు వెనక మాటలు చూసి ఊహించమనండి, తర్వాత డిక్షనరీ తీయమనండి.

• తప్పు చెబితే బంధువుల ముందు నవ్వకండి. రెండోసారి ప్యాకెట్ చేతికిచ్చినా పిల్లలు నోరు విప్పరు.

• మందుల విషయంలో పిల్లలు చదివింది మీరు తప్పక సరిచూసుకోండి. మోతాదు నిర్ణయించాల్సింది డాక్టరు, పిల్లలు కాదు. చిన్నబిడ్డ నీరసించిపోయినా, మూత్రం తగ్గినా ప్యాకెట్ చదువుతూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే నెల ఇదే పద్ధతిలో ఏడో తరగతికి రైల్వే టైంటేబుల్, ఐదో తరగతికి పాల ప్యాకెట్ పాఠాలు ఉంటాయి. ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి పంపండి. పాఠం ఎలా సాగిందో మీ పిల్లలను అడిగి, మీకు తోచిన మాట డైరీలో రెండు వాక్యాలు రాయండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే.

— ఇంగ్లీషు విభాగం