వేడినీటి బుగ్గ నుంచి కొవిడ్ పరీక్ష దాకా

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో సలసల కాగే నీటి బుగ్గలున్నాయి. అంత వేడిలో ప్రాణి బతుకుతుందా? ఈ కుతూహలంతోనే 1966లో శాస్త్రవేత్త థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ అక్కడి నమూనాలు సేకరించారు. 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా పెరిగే బ్యాక్టీరియా దొరికింది. పేరు థెర్మస్ అక్వాటికస్.

దానితో వ్యాపారం చేయాలని వాళ్లు అనుకోలేదు.

1983లో శాస్త్రవేత్త కేరీ మలిస్ డీఎన్ఏ ముక్కకు కోట్ల ప్రతులు తీసే పీసీఆర్ పద్ధతిని ఊహించాడు. డీఎన్ఏ పోగులు విడిపోవాలంటే ప్రతి విడతా సుమారు 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఆ వేడికి ప్రతులు తీసే మామూలు ఎంజైమ్ పాడయ్యేది, మళ్లీ మళ్లీ కలపాల్సి వచ్చేది. బుగ్గ బ్యాక్టీరియాలోని టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ మాత్రం తట్టుకుంది. అసలు మలుపు ఇదే. ఫలితం అడగని పరిశోధనకు నిధులు ఎందుకివ్వాలన్న వాదనకు ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

1993 రసాయన నోబెల్‌ను పీసీఆర్‌కు మలిస్, మరో పరిశోధనకు మైకేల్ స్మిత్ పంచుకున్నారు. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ చేసిన కొవిడ్ ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలకు మూలం పీసీఆర్ పద్ధతే.