జెస్సీని తిట్టే ముందు

మేనల్లుడా,

అర్ధరాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున చదివాను. మళ్లీ థియేటర్లకొచ్చిన ‘ఏ మాయ చేసావే’ చూసి, అది చాలక హాస్టల్‌కొచ్చి తమిళ ‘విన్నైతాండి వరువాయా’ కూడా చూసి, కథానాయిక జెస్సీని తిట్టిపోశావు. రెండింట్లో అసలు ముగింపు ఏదని అడిగావు.

గౌతమ్ మేనన్ తీసిన ఆ రెండు సినిమాలూ 2010 ఫిబ్రవరి 26నే విడుదలయ్యాయి. తెలుగులో నాగచైతన్య, సమంత ఒకటవుతారు. తమిళంలో శింబు, త్రిష విడిపోతారు. అక్కడ పెళ్లి జరిగేది కథలో హీరో కార్తీక్ తీసిన సినిమాలోనే. నా మటుకు తమిళమే అసలు కథ. సినిమా అంతా ఔనని, కాదని ఊగిసలాడిన పిల్ల ఆఖరి రీల్లో తేల్చేసుకుందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

అయితే ఆమెను తిట్టడం దగ్గరే నీతో నాకు పేచీ. కథంతా కార్తీక్ నోట వింటున్నాం. జెస్సీ వైపు నుంచి చూడు: మతం వేరు, అతను తనకన్నా చిన్నవాడు, సినిమాలంటే గిట్టని తండ్రి. ఇంట్లో కుదిర్చిన పెళ్లిని చర్చిలో అందరి ముందు వద్దనగలిగిన పిల్ల పిరికిదా? ఇంట్లో మళ్లీ పెళ్లి ఖాయం చేస్తున్నారని, ఇల్లు వదిలి వచ్చేస్తానని ఆమె అన్న రోజున అతను షూటింగ్‌లో ఉన్నాడు. ఆగమన్నాడు. నీ అంత పొడుగు మెసేజ్‌లో ఆ సీను గురించి ఒక్క ముక్క లేదు.

ముగింపు తేల్చకపోవడమే నీ కోపమైతే ‘గీతాంజలి’ చూడు. 1989లో మణిరత్నం తీశాడు. ఇద్దరూ చావుకు దగ్గరగా ఉన్నవాళ్లే. ఎన్నాళ్లు బతుకుతారో చివరిదాకా చెప్పడు. అయినా నాకు వెలితి అనిపించలేదు, వాళ్లిద్దరి మధ్య తేలాల్సింది తేలిపోయింది గనక. కార్తీక్, జెస్సీలకు ఆయుష్షు బోలెడుంది, మాటే తేలలేదు. 2020 లాక్‌డౌన్‌లో గౌతమ్ మేనన్ శింబు, త్రిషలతో ఒక చిన్న సినిమా తీశాడు. జెస్సీకి పెళ్లయింది, పిల్లలున్నారు. పదేళ్ల తర్వాత కూడా కార్తీక్ ఆమెకే ఫోన్ చేస్తున్నాడు. చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నిన్ను అలా చూడలేనురా.

నీ కోర్సులో ఉన్న ఆ అమ్మాయి సంగతి మీ అమ్మ చెప్పింది. ఒక వారం సత్యం థియేటర్ ఉన్నచోట కట్టిన ఏఏఏ మల్టీప్లెక్స్‌లో నీతో సినిమాకొస్తుంది, పై వారం ఫోనెత్తదు. నువ్వేమో క్లాసు ఎగ్గొట్టి, పంజాగుట్టలో ఆమె హాస్టల్ ఎదుట టీ బండి దగ్గర సాయంత్రాలు నిలబడుతున్నావట. చంకలో మైత్రీవనం జిరాక్స్ షాపులో కొన్న పైథాన్ నోట్సు, స్పైరల్ బైండింగ్ ఇంకా బిగుతుగానే ఉందట.

పిలవకుండా కార్తీక్ కేరళ దాకా వెళ్తే రెహమాన్ సంగీతం తోడుంది. కిటికీలోంచి చూసే ఆ అమ్మాయికి ఏ పాటా వినిపించదు. రోజూ ఒక కుర్రాడు గేటు ముందు ఉంటున్నాడన్నదే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో పోలీసులు 2014లో షీ టీమ్స్ పెట్టింది ఇలాంటి భయాలకే. నీ మనసు మంచిదని నేను ఎరుగుదును, ఆమెకెలా తెలుస్తుంది?

ఒక్కసారి అడుగు. పగటిపూట, నలుగురు తిరిగే చోట, సూటిగా. ఔనంటే సంతోషం. కాదంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. చూద్దాం అంటే అదీ కాదనే లెక్క, రెండోసారి అడగకు. కారణాలు నీకు చెప్పి తీరాలని ఎక్కడా లేదు.

కథలు రాస్తానంటావు కదా, మీ అమీర్‌పేటలోనే సారథి స్టూడియోస్ ఉంది. హైదరాబాద్‌లో పూర్తిగా తీసిన తొలి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’, 1959లో అక్కడ తయారైందే. ఆ దారిన పోతూ ఆలోచించు. కార్తీక్ ఆగమన్నాక జెస్సీ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగింది? తండ్రి ఏమన్నాడు, అమ్మ ఎటు చూసింది, ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తిన్నదా? ఆమె వైపు నుంచి నాలుగు పేజీలు రాసి ఆదివారానికి నాకు పంపు.

ఈ వారం మాత్రం పంజాగుట్ట వైపు వెళ్లకు.

మీ అత్త