రాజుల సమాధులలో ఒక యాజకుడు

పాఠ్యభాగము: 2 దినవృత్తాంతములు 22:10 మొదలు 24:27 వరకు
ధ్యానమునకు: మత్తయి 23:29–35

ప్రియులారా, మన సంఘములలో ఒక మంచి పెద్ద ప్రభువునందు నిద్రించినప్పుడు ఊరంతయు కదలివచ్చును. కీర్తనలు పాడుచు ఆయనను సమాధుల దొడ్డికి సాగనంపుదుము. ఆయన ఇల్లు నడపిన తీరును, ఊరి తగవులు తీర్చిన తీరును చెప్పుకొని కన్నీరు విడుతుము. ఇది తగినదే. అయితే ఒక ఏడు గడచిన తరువాత ఆయన ఇంటివారియెడల మనమెట్లున్నాము? మనమిచ్చిన ఘనత నిజమైనదో కాదో అప్పుడే తేలును. యెహోయాదా చరిత్రను ఈ ఉద్దేశముతో చదువుదము.

1. ఇంటివాడుగా యెహోయాదా

ఈయన భార్య యెహోషబతు, యూదా రాజైన యెహోరాము కుమార్తె. ఆ రాజు తన సొంత తమ్ములను చంపించినవాడు. 8 సంవత్సరములు ఏలి చనిపోయినప్పుడు అతనికొరకు విచారించినవారే లేరు. రాజుల సమాధులలో అతనికి చోటు దొరకలేదు (21:20). అటువంటి ఇంటినుండి వచ్చిన ఈ స్త్రీ, అతల్యా రాజవంశమును నాశనము చేయుచుండగా, తన అన్నదమ్ములలో ఒకడైన అహజ్యా కుమారుని, పసివాడైన యోవాషును, దాదితోకూడ దొంగిలించి దాచెను. ఆ బిడ్డ 6 సంవత్సరములు దేవుని మందిరములో, ఈ దంపతుల కాపుదలలో పెరిగెను.

ఆ ఆరు సంవత్సరములను గూర్చి ఆలోచించుడి. ఒక్కరు నోరు జారినయెడల ఇంటిల్లిపాది ప్రాణములు పోవును. అయినను ఆ రహస్యము బయటపడలేదు. భార్య చేసిన సాహసమునకు భర్త అడ్డుచెప్పక అండగా నిలిచెను. భార్యాభర్తలు ఏకమనస్సుతోనున్న ఆ ఇల్లు దావీదు సంతతికి ఆశ్రయమాయెను.

2. జనులకు పెద్దగా యెహోయాదా

ఏడవ సంవత్సరమున ఆయన ధైర్యము తెచ్చుకొని శతాధిపతులను, లేవీయులను, పితరుల యిండ్ల పెద్దలను సమకూర్చెను. ఆయనకు కుమారులుండిరి, సైనికులు ఆయన మాట వినిరి. అయినను ఆయన తన కుమారులలో ఎవనిని సింహాసనమెక్కింపలేదు. తానును తన కుమారులును కలిసి ఆ ఏడేండ్ల బాలునికే అభిషేకము చేసిరి (23:11). పెద్దరికమును తన ఇంటి లాభమునకు వాడుకొననివాడే నిజమైన పెద్ద.

మరియొక సంగతి గమనింపుడి. దుష్టురాలైన అతల్యాను సహితము దేవుని మందిరములో చంపవద్దని ఆయన ఆజ్ఞాపించెను (23:14). ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకు వచ్చెదము.

మందిరము బాగుచేయవలసివచ్చినప్పుడు ఆయన ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠమునొద్ద ఉంచెను (2 రాజులు 12:9). జనులు తెచ్చిన సొమ్ము అందులో వేయబడెను. దానిని లెక్కించుటకు రాజుయొక్క శాస్త్రియు ప్రధానయాజకుడును కలిసి వచ్చెడివారు. సంఘపు సొమ్మును ఒక్కని చేతిలో విడువక, ఇద్దరి యెదుట లెక్కించుట మనమును నేర్చుకొనవలసిన పద్ధతి.

3. ఘనమైన సమాధి, మరచిన మేలు

యెహోయాదా 130 ఏండ్ల వృద్ధుడై మృతినొందెను. ఆయన దేవునికిని, దేవుని మందిరమునకును, ఇశ్రాయేలీయులకును మేలు చేసినవాడు గనుక జనులు ఆయనను రాజులయొద్ద పాతిపెట్టిరి (24:16). రాజైన మామకు దొరకని చోటు యాజకుడైన అల్లునికి దొరికెను! ఇంతకంటె గొప్ప ఘనత ఆ దేశములో లేదు.

కాని అధ్యాయము అక్కడ ముగియలేదు. యూదా అధిపతులు వచ్చి రాజునకు నమస్కరించగా యోవాషు వారి మాట వినెను. వారు మందిరమును విడిచి విగ్రహములను పూజించిరి. అప్పుడు యెహోయాదా కుమారుడైన జెకర్యా లేచి, తండ్రి నేర్పిన మార్గమును జనులకు జ్ఞాపకము చేసెను. రాజు సెలవిచ్చెను, జనులు అతనిని రాళ్లతో కొట్టి చంపిరి. ఎక్కడ? దేవుని మందిరపు ఆవరణములో! అతల్యా రక్తమైనను మందిరములో పడరాదని తండ్రి చూచుకొనెను. ఆ తండ్రి కుమారుని రక్తమే అక్కడ చిందింపబడెను. చేయించినవాడు ఆయన ఇంట ప్రాణము దక్కించుకొన్న బిడ్డయే.

ఏడాది తిరుగక మునుపే సిరియా దండు వచ్చి రాజును గాయపరచిపోయెను. పిమ్మట ఈ రక్తము నిమిత్తము అతని సేవకులే పడకమీద అతనిని చంపిరి. అతనికి రాజుల సమాధులలో చోటియ్యలేదు (24:25).

4. మన సంగతి ఏమి?

నీతిమంతుల గోరీలను అలంకరించువారిని గూర్చి మన ప్రభువు మాటలాడిన భాగములోనే జెకర్యా అను వాని రక్తమును కూడ ఎత్తి చెప్పెను (మత్తయి 23:29, 35). ఇది మనలను వణికింపవలెను.

సమాధికి సున్నము వేయుట, పూలుంచుట, జ్ఞాపకార్థ కూడిక జరుపుట తప్పని మేము చెప్పము. అయితే పోయినవాని విధవరాలి పొలము గట్టును ఇరుగుపొరుగువారు జరుపుచున్నప్పుడు మనము ఊరకుందుమా? ఘనమైన విందు కొరకు ఆ ఇంటిని అప్పులో దించి, పిల్లల చదువు ఆగిపోయినప్పుడు మనకేమని తొలగిపోదుమా? తండ్రి మాటను కుమారుడు మరల చెప్పినప్పుడు చిన్నవాడని నోరు మూయింతుమా? అట్లయిన మనమును యోవాషు సరసనే నిలుతుము. ఈ విషయములో మేమును కొరతగలవారమే. అందుచేత మొదట మాకే ఈ పాఠము చెప్పుకొనుచున్నాము.

పోయిన పెద్దను ఘనపరచుట మూడు విధములు: ఆయన దేవుని విడువకుండుట, ఆయన ఇంటిని కాపాడుట, ఆయన సగములో విడిచిన పనిని పూర్తిచేయుట.

కూడికలో ఆలోచించుటకు

1. యెహోయాదా కుటుంబజీవితములో మన దంపతులు నేర్చుకొనవలసినదేమి?
2. యోవాషు ఎవరి మాట విని చెడిపోయెను? మనము ఎవరి ఆలోచన వినుచున్నాము?
3. ఇటీవల ప్రభువునొద్దకు వెళ్లిన పెద్దల ఇండ్లలో ఎవరికి ఏమి అక్కర యున్నది? ఈ వారమే ఎవరు వెళ్లి చూతురు?

ప్రార్థన: ప్రభువా, మా మధ్య నీవుంచిన మంచి తండ్రులకొరకు స్తోత్రము. వారి మేలు మరువని హృదయమును, వారి పిల్లలను ఆదుకొను చేతులను మాకు దయచేయుము. ఆమేన్.