ఐదు గన్నేర్లు, ఒక తోట

మీ తరగతిలో ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. "గన్నేరు అంటే ఏ మొక్క?" అని ఐదుగురిని అడగండి. ఒకరు ఎర్రపూల గన్నేరు పొదను చూపిస్తారు. ఇంకొకరు గరాటుల్లాంటి పసుపు పూలు పూసే పచ్చగన్నేరును చూపిస్తారు. గుడి పక్కన ఇల్లున్నవారు దేవగన్నేరు అంటారు. ఇంట్లో కుండీలో బిళ్ళగన్నేరు పెంచేవారు అదే అసలు గన్నేరంటారు. ఇక రోడ్డు పక్కన పెద్ద గొడుగులా పరుచుకొనే నిద్రగన్నేరు ఉండనే ఉంది. ఐదుగురూ చెప్పింది నిజమే. కాని ఆ ఐదూ ఒకే మొక్క కాదు.

పేరులో ఏముందిలే అనుకోకండి. గన్నేరు ఆకు, కొమ్మ, పువ్వు, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజలోని విషం గుండె లయను దెబ్బతీస్తుంది. బిళ్ళగన్నేరులోనూ విషపదార్థాలున్నాయి. అయితే వాటిలోని రెండింటిని, విన్‌బ్లాస్టిన్‌ను, విన్‌క్రిస్టిన్‌ను, వైద్యులు కాన్సరు మందులుగా వాడుతున్నారు. పిల్లలకు వచ్చే ఒక రకం రక్త కాన్సరుకు చేసే చికిత్సలో విన్‌క్రిస్టిన్ ముఖ్యమైన మందు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు ఈ మొక్క మధుమేహానికి పనిచేస్తుందేమో చూద్దామని పరిశోధన మొదలుపెట్టారు. చక్కెర తగ్గలేదు గాని, ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయే జబ్బుకు ఇది మందు కాగలదేమోనన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఒక గన్నేరు ప్రాణం తీస్తుంది, మరొక గన్నేరు నుంచి ప్రాణం నిలిపే మందు వస్తుంది. "గన్నేరాకు" అని మాత్రమే రాసిన చీటీ చేతికిస్తే ఏ మొక్క ఆకు తేవాలి?

అసలు ఐదింటికీ ఒకే పేరు ఎందుకు వచ్చింది? వీటిలో మన దేశంలో అనాదిగా ఉన్నది ఎర్రపూల, తెల్లపూల గన్నేరు ఒక్కటే. పచ్చగన్నేరు, దేవగన్నేరు, నిద్రగన్నేరు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చాయి. బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవిది. ఊళ్ళోకి కొత్తవాళ్ళు వస్తే తెలిసినవాళ్ళ వరసతో పిలుచుకొంటాం గదా, మొక్కల విషయంలోనూ మనవాళ్ళు అదే పని చేశారు. అలవాటు చక్కనిదే, కాని శాస్త్రానికి అది చాలదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఇటలీలోని పాదువా నగరంలో 1545లో విశ్వవిద్యాలయం వారు ఒక తోట వేశారు. అప్పట్లో ఒక మూలిక పేరు చెప్పి మరొకటి అంటగట్టే వర్తకులుండేవారు. వైద్యవిద్యార్థులు నిజమైన మొక్కను కళ్ళారా చూసి గుర్తుపట్టడం నేర్చుకోవాలన్నదే ఆ తోట ఉద్దేశం. అది నేటికీ ఉంది. పార్కుకూ బొటానికల్ గార్డెనుకూ అసలు తేడా ఇదే. పార్కులో చెట్టు నీడనిస్తే చాలు. వృక్షశాస్త్ర ఉద్యానంలో మాత్రం చెట్టుకు పేరుండాలి, అది ఏ జాతిదో నిర్ధారించి ఉండాలి.

సికింద్రాబాదు విద్యార్థులు ఒక్క రోజులో ఇలాంటి తోటను చూసి రావచ్చు. కొత్తగూడలో అటవీశాఖ భూమిలో 274 ఎకరాల బొటానికల్ గార్డెన్ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు దానికి పెట్టారు. సికింద్రాబాదు స్టేషనులో లింగంపల్లి వెళ్ళే ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి, హైటెక్ సిటీలోనో హఫీజ్‌పేటలోనో దిగి, అక్కడినుంచి బస్సులోనో ఆటోలోనో వెళ్ళవచ్చు. దారిలో బేగంపేట వస్తుంది. ఈ పరిసరాల్లోనే ఒక చిన్న భవనంలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తోటలో పనికివస్తుంది.

వెంట ఒక నోటుపుస్తకం, పెన్సిలు, భూతద్దం, దర్జీ టేపు, పాత వార్తాపత్రికలు తీసుకెళ్ళండి. పులిహోర డబ్బా సంగతి మేము చెప్పనక్కర లేదు.

తోటలో మొట్టమొదట కంటబడేవి మొక్కలు కావు, బండలు. ఇవి దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాళ్ళు. దక్కను పీఠభూమిలో చెట్లు ఎంత పలుచని మట్టిలో, ఎంత తక్కువ నీటితో బతుకుతాయో ఇక్కడ తెలుస్తుంది. ఔషధ మొక్కలకు, కలప చెట్లకు, పండ్ల చెట్లకు, వెదుళ్ళకు, నీటి మొక్కలకు వేరువేరు భాగాలు కేటాయించారు. ఒక్క రోజులో అన్నీ చూడాలని పరుగులు పెట్టకండి. పది చెట్లను బాగా చూస్తే చాలు.

పేరుపలక కనబడినప్పుడు తెలుగు పేరుతో ఆగిపోకుండా కింది లాటిన్ పేరు కూడా చదవండి. అందులో రెండు మాటలుంటాయి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో వెలువరించిన గ్రంథంతో ఈ పద్ధతి స్థిరపడింది. మొదటి మాట ప్రజాతిని చెబుతుంది, రెండోది జాతిని. మన ఎర్రపూల గన్నేరు పేరు నీరియం ఓలియాండర్. పచ్చగన్నేరు కాస్కాబెలా థెవీషియా, దేవగన్నేరు ప్లుమేరియా రూబ్రా, బిళ్ళగన్నేరు కాథరాంథస్ రోజియస్, నిద్రగన్నేరు సమానియా సమాన్. ఇక పొరపాటుకు తావు లేదు. ఈ పేర్లు కూడా అప్పుడప్పుడు మారుతుంటాయి. బిళ్ళగన్నేరును ఒకప్పుడు వింకా రోజియా అనేవారు. విన్‌క్రిస్టిన్ అన్న మందు పేరులో ఆ పాత పేరు ఇంకా మిగిలి ఉంది.

పూర్తిగా రాసిన పలకల మీద ఆ రెండు మాటల తరువాత ఇంకొక పొడి అక్షరాల ముక్క ఉంటుంది. అది ఆ మొక్కకు పేరు పెట్టిన శాస్త్రజ్ఞుని సంతకం లాంటిది. బీడీలు చుట్టే ఆకునిచ్చే తునికి చెట్టు పేరు డయోస్పైరస్ మెలనోక్సైలాన్. దాని వెనక "రాక్స్‌బ్" అని ఉంటుంది. అంటే విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఈ స్కాట్లండ్ వైద్యుడు 1781 నుంచి కాకినాడ దగ్గరి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు వంటి పంటలతో ప్రయోగాలు చేశాడు. మనదేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై 1795 నుంచి వెలువడిన ఆయన గ్రంథంలో 300 చిత్రపటాలున్నాయి. మొక్కల తెలుగు పేర్లను కూడా అందులో రాశాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పిన మన పల్లెవాసుల పేర్లు మాత్రం ఏ పలక మీదా కనబడవు.

సోమిద చెట్టు పలక కనబడితే తప్పక ఆగండి. దాని లాటిన్ పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి మాట మన తెలుగు "సోమిద" నుంచే వచ్చింది. రెండోదానికి జ్వరాన్ని తరిమేది అని అర్థం. చలిజ్వరాలకు సింకోనా బెరడుకు బదులు దీని బెరడు పనికివస్తుందేమోనని రాక్స్‌బర్గ్ పరీక్షించి చూశాడు. ఆ జ్వరాన్ని దోమ మోసుకొస్తుందని తేలడానికి ఇంకా వంద సంవత్సరాలు పట్టింది. అది తేలిన చోటు మీదుగానే మీరు ఉదయం వచ్చారు. ఇంకొక విశేషం. ఈ పేరు వెనక రాక్స్‌బర్గ్ సంతకం కుండలీకరణంలో ఉంటుంది. ఆయన ఈ చెట్టును మొదట మహాగని ప్రజాతిలో చేర్చాడు. తరువాతి శాస్త్రజ్ఞులు వేరే ప్రజాతికి మార్చారు. మొదట పేరు పెట్టినవారి సంతకాన్ని చెరిపేయకుండా కుండలీకరణంలో ఉంచడం ఆనవాయితీ.

పలక లేని చెట్టు ఎదురైతే? అసలు పని అప్పుడే మొదలవుతుంది. గాలికి రాలి పక్కకు జరిగిన పలకలూ ఉంటాయి కనుక, పలక చెప్పిందని గుడ్డిగా నమ్మడం కూడా మంచిది కాదు. మన ఐదు గన్నేర్లను పూలు లేకపోయినా ఆకుల అమరికతోనే విడదీయవచ్చు. కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఆకులు చుట్టూ ఉంటే అది గన్నేరు. రెండేసి ఎదురెదురుగా ఉంటే బిళ్ళగన్నేరు. ఒక్కొక్కటిగా మెలికలో అమరి, సన్నని కత్తుల్లా ఉంటే పచ్చగన్నేరు. అదే అమరికలో జానెడుకు మించిన వెడల్పాటి ఆకులు లావుపాటి కొమ్మల చివర గుంపుగా ఉంటే దేవగన్నేరు. ఆకు చిన్నచిన్న పత్రకాలుగా చీలి ఉంటే నిద్రగన్నేరు.

పూలు దొరికితే ఇంకా మంచిది. మొదటి నాలుగింటి మొగ్గలను భూతద్దంతో చూడండి. రేకుల అంచులు ఒకదాని మీదకొకటి వాలి, మొగ్గ మెలితిప్పినట్టుంటుంది. ఇది గన్నేరు కుటుంబపు గుర్తు. నిద్రగన్నేరు పువ్వు అలా కాదు. అది గులాబి రంగు కేసరాల కుచ్చు. దానికి చింత, తుమ్మలు చుట్టాలు, గన్నేరుతో చుట్టరికమే లేదు. ఆ పేరులో "నిద్ర" ఒక్కటే నిజమన్నమాట! సాయంత్రం అయిదున్నర, ఆరు ప్రాంతంలో ఆ చెట్టు కింద నిలబడితే పత్రకాలు జతజతలుగా ముడుచుకోవడం చూడవచ్చు. పత్రకం మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగంలోని కణాలు ఒకవైపు నీటిని పోగొట్టుకొని, ఇంకొకవైపు నింపుకోవడం వల్ల ఈ కదలిక కలుగుతుంది. బాగా మబ్బు పట్టిన రోజున పగలే ముడుచుకొంటాయి.

తోటలో ఆకు తుంచకండి, పాలు కారే కొమ్మను అసలే ముట్టకండి. రాలిన ఆకులు చాలు. వాటిని వార్తాపత్రిక మడతల్లో పెట్టి, తేదీ, స్థలం, పేరు రాసి, బరువు కింద వారంరోజులు ఉంచండి. రెండుమూడు రోజులకొకసారి కాగితం మార్చకపోతే బూజు పడుతుంది. ఏ మొక్కను తాకినా చేతులు కడుక్కొని భోజనానికి కూర్చోండి.

తిరిగి వచ్చాక మీ పాఠశాల ఆవరణలోని చెట్లకు పేరుపలకలు తయారు చేయండి. తెలుగు పేరు, లాటిన్ పేరు, ఎక్కడిదో ఒక మాట రాస్తే సరిపోతుంది. వృక్షశాస్త్రం మాస్టారికో టీచరుగారికో చూపించి సరిచూసుకొన్నాకే కట్టండి. పలకను మేకుతో కొట్టవద్దు, బెరడు కిందనే చెట్టు ఆహారం ప్రవహించే పొర ఉంటుంది. మెత్తని తాడుతో వదులుగా కట్టి, ఏటా ఒకసారి ముడి సడలించండి. కాండం లావెక్కేకొద్దీ తాడు బిగుసుకొని అదే పొరను నొక్కేస్తుంది.